మిద్దె మీద తోట సరే, నేల మాటేంది?

పట్నాల్లో ఇప్పుడు మిద్దెతోటల మాట జోరుగా నడస్తా ఉంది. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదులో తన మిద్దె మీద కూరగాయలు పండించి, పుస్తకం రాసి, ఎందరికో దారి చూపినారు. ఆ పట్నంలో ఉద్యానశాఖ సగం సబ్సిడీతో సంచులు, విత్తనాలు కూడా ఇచ్చింది. మంచి పనే, మేము కాదనం.

అయితే ఇదేదో కొత్తగా కనిపెట్టిన మాదిరి చెప్తే మాత్రం ఒప్పుకోం. మన రేణిగుంట పక్క హరిజనవాడల్లో, అరుంధతివాడల్లో బోద కప్పిన గుడిసెల మీదికి సొరతీగ, గుమ్మడితీగ పాకించింది మన అవ్వలు కాదా? ఇంటి పక్కన గుంత తీసి, నాలుగు గింజలేసి, గిన్నెలు కడిగిన నీళ్లు పోసినారు. భూమి లేనోళ్లకు ఇంటికప్పే చేను. ఇల్లు చల్లబడింది, కూర దొరికింది. దాన్ని ఎవరూ తోట అనలేదు, సబ్సిడీ ఇయ్యలేదు.

ఇప్పుడు గుడిసె పోయి స్లాబు వచ్చింది. పగలంతా కాగిన స్లాబు రాత్రంతా సెగ కక్కుతుంది. 2020లో ప్రభుత్వం పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు చొప్పున పట్టాలిచ్చింది. సెంటంటే 48 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కట్టినాక తీగకు గుంత యాడ తీయాల? మిద్దె మీద పెంచుకోమంటారా? నాలుగంగుళాల మందాన తడిమన్ను పరిస్తే చదరపు గజానికి దగ్గర దగ్గర ఒకటిన్నర క్వింటాలు బరువు. నాసిరకం స్లాబు దాన్ని మోస్తుందా? మెట్లు లేని మిద్దెకు నిచ్చెనేసి నీళ్ల బిందెలు ఎక్కించేదెవరు? మన ఆడోళ్లే కదా!

కెనడాలో టొరంటో నగరం 2009లో ఒక చట్టం చేసింది. 2,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే కొత్త కట్టడాల కప్పు మీద కొంత భాగం మొక్కలు పెంచాల్సిందేనంది. అంటే భారం పెద్ద కప్పులోళ్ల మీద పెట్టినారు. రేణిగుంట చుట్టూ కొత్తగా లేచే పెద్ద కట్టడాలకు ఆ రూలు ఎందుకు పెట్టరాదు?

అందుకే మేము అడిగేది ఇది. కాలనీ ఇంటి ఎస్టిమేటులోనే బరువు మోసే స్లాబు, మెట్లు, కొళాయి ఉండాల. సబ్సిడీ మొదట మన వాడలకు రావాల. మిద్దెతోటను చూపించి సాగుభూమి అర్జీని పక్కన పెట్టే ఎత్తు సాగనియ్యరాదు.

అంతవరకు అవ్వల తెలివి మరిచిపోవద్దు. గోడ వారగా నేల మీదనే బస్తాలో సొరగింజ నాటి, తీగను మిద్దె మీదికి పాకించండి. స్లాబు సెగ తగలకుండా కింద కందికట్టె పరచండి. తొట్లు పెట్టేదుంటే మన్నులో కొబ్బరిపొట్టు, పేడ ఎరువు కలిపి తేలిక చేసి, గోడలు, దూలాలు ఉన్నచోటే పెట్టండి. మిగిలిన స్లాబుకు తెల్లగా సున్నం కొట్టినా సెగ తగ్గుతుంది.

సంఘాల అన్నలారా, అక్కలారా! వచ్చే గ్రామసభలో కప్పు మాట, భూమి మాట రెండూ ఒకే అర్జీలో రాసి పెట్టండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోకుండా లేవొద్దు.