పగలు కునికేవాడు సోమరేనా?



ఈ వారం నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయిన శ్రమకాలంలో ఒక ఆదివారం నేను వాక్యం చెబుతుంటే, వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న ఒక తమ్ముడు తల వాల్చి నిద్రపోతున్నాడు. నాకు కోపం వచ్చింది. చెబుతున్న వాక్యం పక్కన పెట్టి సామెతల గ్రంథం ఆరవ అధ్యాయం ఎత్తుకున్నాను. సోమరికి చీమను చూపించే అధ్యాయం అదే కదా. పేరు పెట్టలేదు గానీ చూపు మాత్రం అటే పెట్టాను. అందరూ వెనక్కి తిరిగారు. పక్కనున్నాయన మోచేత్తో పొడిస్తే అతను ఉలిక్కిపడి లేచాడు. కొందరు నవ్వారు. ఆ నవ్వులు విని, నిజం చెప్పాలంటే, నేను కూడా సంతోషించాను.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బుధవారం మధ్యాహ్నం అతని గది వెతుక్కుంటూ వెళ్లాను. రేకుల గది, ముగ్గురు పిల్లలు కలిసి ఉంటున్నారు. ఒక పక్క హైవే మీద లారీల మోత, పైన దిగే విమానాల చప్పుడు. చాలాసేపు కొడితే తలుపు తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మాఫ్ చేయండి అయ్యగారూ" అన్నాడు ముందుగానే. "ఎయిర్‌పోర్టు కార్గోల రాత్రి డ్యూటీ. పొద్దుగాల ఏడింటికి దిగుత. ఆదివారం అయితే పండుకోకుండనే మందిరానికి వస్తుంటి. నలభై దినాలు ఉపవాసం పట్టిన గద, ఒక్క పూటనే తింటున్న. కండ్లు ఆగలే."

నేను అతని దగ్గర క్షమాపణ అడగాల్సింది. అతనే నన్ను అడిగాడు. ఇంటికి నడిచి వస్తూ ఆ మాటే తలచుకున్నాను.

మన గగన్‌పహాడ్ సంగతి మీకు తెలియంది కాదు. పెద్దవాళ్లు దీన్ని పల్లెగానే ఎరుగుదురు. ఫ్యాక్టరీ షెడ్లు వచ్చాయి, షిఫ్టులు వచ్చాయి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఈ ప్రాంతపు గడియారమే మారిపోయింది. సామాను ఎక్కించేవాళ్లు, విమానాలకు భోజనాలు వండేవాళ్లు, ఊడ్చి తుడిచే అక్కలు, సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, హోటళ్లలో పనిచేసే పిల్లలు, వీళ్లలో చాలామందికి పని నడిచేది మనం పడుకున్నాకే. మన సంఘంలోనే ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కానీ మన కూడికల వేళలు ఇంకా కోడి కూతకు లేచి దీపం పెట్టగానే పడుకునే రైతు ఇంటికి సరిపోయేవే. శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రంతా ప్రార్థన, తెల్లారి మళ్లీ డ్యూటీ. ఆ టైమ్‌టేబుల్ రాసింది నేనే.

దీనికి తోడు డైటింగ్. మన తెలుగువాళ్లకు డైట్ కొత్త కాదు. మొదట మంతెన సత్యనారాయణ రాజు గారి ఉప్పు లేని వంటలు, తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె, ఆ తర్వాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. కొర్రలు, అండుకొర్రలు మన ఇళ్లలోకి మళ్లీ వచ్చాయంటే అది మంచిదే. ఏ డైట్ గొప్పదో చెప్పడం నా పని కాదు. నేను గమనించింది ఒకటుంది. ఏం తినాలో గంటసేపు మాట్లాడుకుంటాం, ఎన్ని గంటలు పడుకున్నావని ఎవరమూ అడగం. నన్నూ ఎవరూ అడగలేదు. షుగర్ ఉంది, బరువు తగ్గమని డాక్టరమ్మ చెబితే రాత్రి భోజనం మానేశాను. పదకొండున్నరకు పడుకొని నాలుగింటికి ప్రార్థనకు లేచేవాణ్ణి. రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గి పొంగిపోయాను. కానీ చేతులు సన్నబడ్డాయి, పొట్ట పొట్టలాగే ఉంది. మధ్యాహ్నం రెండయితే బైబిలు మీదే తల వాలిపోయేది. పాపం, ఆ తమ్ముడిని తిట్టినవాణ్ణి నేనే!

అలా ఎందుకైందో తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. బరువు ఎక్కువున్న 10 మందికి కొలిచిన తక్కువ భోజనం పెట్టారు. 14 రోజులు రాత్రి ఎనిమిదిన్నర గంటలు పడకలో ఉంచారు, మరో 14 రోజులు ఐదున్నర గంటలే ఉంచారు. రెండుసార్లూ తగ్గిన బరువు ఇంచుమించు ఒకటే, సుమారు 3 కిలోలు. కానీ బాగా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, తక్కువ పడుకున్నప్పుడు 0.6 కిలోలే. మిగతాదంతా కండలాంటి, ఒంటికి కావలసిన భాగం. త్రాసు రెండుసార్లూ ఒకే మాట చెప్పింది, లోపల జరిగింది మాత్రం వేరు. పది మంది మీద చేసిందే గనుక దీన్ని ధర్మశాస్త్రం చేయను. అయినా నా సన్నబడ్డ చేతులు దానికి సాక్ష్యం చెప్పినట్టే అనిపించింది.

నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుందని కూడా ఆ విశ్వవిద్యాలయం వాళ్లే 2004లో చూపించారు. ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, చాలు అని చెప్పే హార్మోను 18 శాతం తగ్గింది, తిను అని చెప్పేది 28 శాతం పెరిగింది. రాత్రి డ్యూటీ దిగిన పిల్లలు మిర్చి బజ్జీల బండి దగ్గర ఎందుకు ఆగుతారో ఇక నన్ను అడగకండి. అది తిండిపోతుతనం ఒక్కటే అని అనలేను.

తిండి తగ్గితే మనిషి ఏమవుతాడో చూసింది కూడా ఒక విధంగా సంఘాల పిల్లల మీదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టమని చెప్పిన క్వేకర్, మెన్నొనైట్, బ్రెద్రెన్ లాంటి శాంతి సంఘాల యువకులు చాలామంది 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధనకు తమంతట తాము ఒప్పుకున్నారు. యుద్ధంలో ఆకలితో మాడినవాళ్లకు తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడానికి. మొత్తం 36 మంది. ఆరు నెలల అరకొర తిండితో ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. వాళ్లకు నీరసం, చలి, చిరాకు, దేని మీదా మనసు నిలవకపోవడం. పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచన. భక్తిలేని పిల్లలేమీ కారు వాళ్లు. పొట్ట ఖాళీగా ఉంటే శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది. చుట్టాలొచ్చి బియ్యం తక్కువైన ఇంట్లో అమ్మ పలచగా వడ్డించినట్టు. అందుకే అరకొర తిని రాత్రంతా మూటలు మోసినవాడు ఆదివారం పదకొండింటికి గోడకు ఒరిగితే, అతని ఆత్మను అనుమానించే ముందు అతని గంటలు లెక్కపెట్టాలి.

పగటి నిద్ర గురించి మన పక్కనే చెన్నైలో జరిగిన పని ఒకటుంది. అక్కడ తక్కువ ఆదాయంతో బతికే 452 మందిని పరిశీలించి 2021లో ఆర్థికశాస్త్ర పత్రికలో రాశారు. వాళ్లు ఎనిమిది గంటలు పడకలో ఉన్నా నిద్రపోయింది ఐదున్నర గంటలే. రాత్రి మాటిమాటికీ మెలకువ. వేడి, దోమలు, చప్పుడు, ఇరుకు గదులు. మన రేకుల గదుల కథే. రాత్రి నిద్ర మరో అరగంట పెంచినా పనిలో పెద్ద తేడా కనిపించలేదు. పగలు పని చోటే అరగంట కునుకు తీయనిస్తే పని నాణ్యత, మనసు కుదుట, రెండూ మెరుగయ్యాయి. అయితే కునుకుకు పోయిన సమయం పోయినట్టే, మొత్తం సంపాదన పెరగలేదు. అది కూడా దాచకుండా రాశారు, మెచ్చుకోవాలి. విమానం నడిపేవాళ్ల మీద నాసా 1994లో రాసిన నివేదికలోనూ సగటున 26 నిమిషాల కునుకుతో మెలకువ, చురుకు పెరిగాయని ఉంది. ఇంకో మాట, మధ్యాహ్నం వచ్చే ఆ మత్తు అన్నం వల్లే కాదు. భోంచేయనివాళ్లకూ వస్తుంది. మన దేహపు గడియారంలోనే ఆ వంపు ఉంది.

ఇక వాక్యం. సామెతలు 6 నేను తీసేయను. పని ఉండి, ఒళ్లు బాగుండి, పొద్దెక్కేదాకా దుప్పటి తన్ని పడుకునేవాళ్లు మన మధ్య కూడా ఉన్నారు, వాళ్లకు చీమ కావాల్సిందే. కానీ మొదటి రాజుల గ్రంథం 19 చదవండి. ఏలీయా చచ్చిపోతే బాగుండునని అడిగి బదరీ వృక్షం కింద పడుకున్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు. కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు. దూత అప్పుడూ కసరలేదు, రెండోసారి లేపి మళ్లీ పెట్టాడు. హోరేబుకు నలభై దినాల ప్రయాణం ఆ తర్వాతే. మనం నలభై దినాలు మాత్రం గుర్తుపెట్టుకొని, ముందున్న నిద్రనూ రెండు భోజనాలనూ మరచిపోయాం. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే ఐతుకు అనే కుర్రవాడు కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు కిందికి దిగి అతన్ని కౌగిలించుకున్నాడు. నేను చేసింది అది కాదు. తుఫానులో దోనె వెనుక తలగడ మీద నిద్రపోయిన ప్రభువును సోమరి అనే ధైర్యం మనలో ఎవరికుంది?

"సేవకుడే ఉపవాసం తగ్గించమంటే ఎట్లా?" అని ఒక పెద్దాయన ఇప్పటికే అడిగారు. ఉపవాసం వద్దనడం లేదు అయ్యా. యెషయా 58 తెరవండి. ఉపవాస దినాన పనివాళ్లను పీడించేవాళ్ల మీదే దేవునికి కోపం వచ్చింది. పెద్దలకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతున్నారు. అది దొరకనివాళ్ల నుంచి తిండిని కూడా తీసేసి, పైన రాత్రంతా ప్రార్థనకు రమ్మంటే, పీడించేవాణ్ణి నేనే అవుతాను. ఇందులో తప్పుంటే నాతో కూర్చొని చెప్పండి, వింటాను.

కొన్ని సంగతులు మాత్రం డాక్టరు దగ్గరికే వెళ్లాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అడగకుండా ఉపవాసం పట్టొద్దు. అలాంటివారికి కూడికలో చెమటలు పట్టి, వణుకు వచ్చి మత్తుగా ఉంటే అది నిద్ర కాదు, వెంటనే చక్కెర నీళ్లు ఇవ్వండి, ఆమేన్ దాకా ఆగొద్దు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, పగలంతా తూగేవాళ్లూ చూపించుకోవాలి. ఎప్పుడూ నీరసంగా ఉండే అక్కలు రక్తం చూపించుకోండి. డైట్ వీడియోలు తర్వాత చూడొచ్చు.

రాత్రి బాగా పడుకునేవాళ్లకు మధ్యాహ్నం మూడు లోపల ఇరవై, ముప్పై నిమిషాల కునుకు చాలు. మరీ పొడుగైతే రాత్రి నిద్ర చెడుతుంది. రాత్రి డ్యూటీవాళ్లది కునుకు కాదు, అదే వాళ్ల రాత్రి. ఆ ఇళ్లకు పగలు వెళ్లి తలుపు కొట్టొద్దు, నాతో సహా.

వచ్చే నెల నుంచి రాత్రంతా ప్రార్థన పదిన్నరకే ముగిద్దాం. ఆదివారం సాయంత్రం ఐదింటికి రెండో ఆరాధన మొదలుపెడదాం. డ్యూటీ దిగి తిన్నగా ఉదయం ఆరాధనకే వచ్చేవాళ్ల కోసం మందిరం వెనుక గదిలో ఫ్యాను బాగుచేయించాను. చాపలు నాలుగున్నాయి, ఇంకో రెండు ఎవరైనా తెస్తే బాగుంటుంది. ఆ తమ్ముడు పోయిన వారం వచ్చాడు. అరగంట పడుకొని లేచి, పాటల సమయానికి ముందు వరుసలో కూర్చున్నాడు.