ముందు బిడ్డకు కాగితం, తర్వాతే తగవు

2008 జులై 25న గుజరాత్‌లోని ఆనంద్‌లో అద్దె గర్భం (సరోగసీ) ద్వారా ఒక ఆడపిల్ల పుట్టింది. బిడ్డను కోరుకున్నవారు జపాన్ దంపతులు. అండం ఇచ్చినామె వేరు, మోసి కన్నామె వేరు. కాన్పుకు ముందే ఆ దంపతులు విడిపోయారు. బిడ్డతో తనకు సంబంధం లేదని భార్య తప్పుకుంది. తండ్రి కావాలన్నాడు, అయినా తీసుకెళ్లే దారి దొరకలేదు. జపాన్ చట్టం ప్రకారం కన్నామే తల్లి. ఆమె భారతీయురాలు గనుక భారత పాస్‌పోర్టు తెచ్చుకోవాలంది ఆ దేశ ఎంబసీ. పాస్‌పోర్టుకు బర్త్ సర్టిఫికెట్ కావాలి. అందులో తల్లిగా ఎవరి పేరు రాయాలో మున్సిపాలిటీకి పాలుపోలేదు. వీసా గడువు తీరి తండ్రి వెళ్లిపోతే, నాయనమ్మ వచ్చి పసిగుడ్డును కనిపెట్టుకుని ఉంది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి నవంబరు మొదట్లో జైపూర్ పాస్‌పోర్టు కార్యాలయం ఒక గుర్తింపు పత్రం ఇచ్చింది. అందులో జాతీయత లేదు, తల్లి పేరు లేదు. దాని ఆధారంగానే జపాన్ మానవతా దృష్టితో ఏడాది వీసా ఇచ్చింది.

తల్లి ఎవరన్న తగవు తేలకుండానే బిడ్డను ఇంటికి చేర్చిన ఆ కాగితమే మనకు దారి చూపాలి. అదే ఏడాది జనవరిలో, అదే ఆనంద్‌లో జర్మన్ దంపతులకు పుట్టిన కవలలకు అంత తొందరగా దారి దొరకలేదు. జర్మనీలో సరోగసీ నిషిద్ధం. మన అధికారులు పాస్‌పోర్టులు ఇచ్చి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. కన్నామె భారతీయురాలు కాబట్టి పిల్లలు భారత పౌరులేనని 2009 నవంబరులో గుజరాత్ హైకోర్టు తీర్పు చెబితే, కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. దత్తత మార్గం పట్టుకుని వాళ్లు దేశం దాటేసరికి 2010 వచ్చింది. పిల్లలకు రెండేళ్లు నిండాయి.

2015లో విదేశీయులకు మన దేశం ఈ తలుపు మూసింది. 2021 చట్టం డబ్బుకు గర్భం మోయించడాన్నే నేరం చేసింది. పేదింటి ఆడవాళ్ల ఒళ్లు బేరసారాలకు వస్తువు కాకూడదు కాబట్టి అది సరైన నిర్ణయమే. కానీ గిరాకీ ఆగలేదు, దేశాలు మారింది. 2020లో కరోనా సరిహద్దులు మూసేసినప్పుడు కీవ్‌లోని ఒక హోటల్‌లో సరోగసీతో పుట్టి, వరుస ఊయలల్లో ఏడుస్తున్న పసివాళ్లను ప్రపంచమంతా చూసింది.

మన తెలుగు దంపతులు సరోగసీ కోసం బయటి దేశానికి వెళ్లే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న క్లినిక్ ఫీజు గురించి కాదు, బర్త్ సర్టిఫికెట్‌లో ఎవరి పేర్లు ఉంటాయన్నది. భారత పౌరులకు విదేశంలో పుట్టిన బిడ్డ పుట్టుకను ఏడాదిలోగా అక్కడి మన దౌత్య కార్యాలయంలో నమోదు చేయించాలి, గడువు దాటితే కేంద్రం అనుమతి కావాలి. ఆ కార్యాలయం ఏయే పత్రాలు అడుగుతుందో గర్భధారణకు ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఏజెంటు నోటిమాట విమానాశ్రయంలో పనికిరాదు.

తగవు తేలకముందే బిడ్డకు కాగితం ఇస్తే నిషేధానికి తూట్లు పడతాయనే వాదన ఉంది. పిల్లల అక్రమ రవాణాకు దారి తెరుస్తామన్న భయమూ ఉంది. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అందుకే డీఎన్‌ఏ పరీక్ష జరగాలి. కన్నామె సమ్మతిని ప్రసవం తర్వాత, ఏజెంటు లేనిచోట నమోదు చేయాలి. చట్టం మీరితే పెద్దలను, క్లినిక్‌ను శిక్షించాలి. అంతేగానీ వాళ్ల తప్పుకు పసిబిడ్డను జామీనుగా పట్టుకోకూడదు. జార్జియా పౌరసత్వ చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉంది: సరోగసీ ద్వారా అక్కడ పుట్టిన బిడ్డను తల్లిదండ్రుల దేశాలేవీ తమ పౌరుడిగా ఒప్పుకోకపోతే జార్జియాయే పౌరసత్వం ఇస్తుంది.

హేగ్‌లో అంతర్జాతీయ ఒప్పందం కోసం ఏళ్ల తరబడి చర్చలు నడుస్తున్నాయి. అది కుదిరేదాకా మనం ఆగనక్కర్లేదు. జైపూర్‌లో దయతో ఇచ్చిన ఆ గుర్తింపు పత్రాన్ని హక్కుగా మార్చి, పరీక్షలు పూర్తయిన ఇన్ని రోజుల్లోగా ఇచ్చి తీరాలని పాస్‌పోర్టు నిబంధనల్లో రాస్తే చాలు.