అంకె చిన్నదే, మార్పు చిన్నదా?

పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తోంది. 2024లో 3.13, 2025లో 3.14. చుక్కకు ఎడమవైపున్న 3 మాత్రం 2008 డిసెంబరు నుంచి కదల్లేదు. అంటే ఇవన్నీ లెక్కకు చిన్న విడుదలలే. కానీ 2023లో వచ్చిన 3.12 ప్యాకేజీలు తయారుచేసే పాత సాధనం డిస్ట్‌యుటిల్స్‌ను తీసేసింది. 3.13 కాలం చెల్లిన 19 మాడ్యూళ్లను ఒక్కసారిగా తొలగించింది. వాటిని నేరుగా వాడుకునే పాత కోడ్ అక్కడితో ఆగిపోతుంది.

ఎడమవైపు అంకెను ముట్టుకోవడానికి ఆ బృందం జంకడానికి కారణం ఉంది. 2 నుంచి 3కు మారడానికి పన్నెండేళ్లు పట్టింది. లైబ్రరీలు మారలేదని కంపెనీలు, కంపెనీలు మారలేదని లైబ్రరీలు ఎదురుచూశాయి. 2015లో ఆపాల్సిన 2.7కు 2020 వరకు గడువు పొడిగించక తప్పలేదు. పైథాన్ 4 ఆలోచన తమకు రుచించడం లేదని భాష సృష్టికర్త గీడో వాన్ రాసమ్ 2021లోనే చెప్పారు.

అయితే ఆ కష్టం వృథా కాలేదు. మనకైతే అసలే కాలేదు. ‘తెలుగు’ అన్న మాట పొడవెంత అని అడిగితే పైథాన్ 2 మామూలుగా 18 అనేది. అది లెక్కపెట్టింది బైట్లను. పైథాన్ 3 గుణింతపు గుర్తులతో కలిపి 6 అంటుంది. పీహెచ్‌పీ కూడా ఆరో వెర్షన్‌లో ఇదే పని తలపెట్టి, 2010లో చేతులెత్తేసింది. ఆ అంకెనే వదిలేసి 2015లో నేరుగా 7కు దూకింది. అందులోని స్ట్రింగ్ పొడవు ఫంక్షన్‌ను అడిగితే నేటికీ 18 అనే చెబుతుంది. సరైన లెక్క కావాలంటే వేరే ఫంక్షన్ వాడాలి. పెద్ద విడుదలకు వెనుకాడితే మిగిలేది ఇదీ.

ఇప్పుడు పైథాన్ అంతకన్నా లోతైన పనిలో ఉంది. ఒక ప్రాసెస్‌లో ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్‌ను తొలగించే ప్రయత్నం 3.13లో ప్రయోగంగా మొదలై, 3.14లో అధికారిక మద్దతు పొందింది. ప్రస్తుతానికి అది విడి బిల్డ్ మాత్రమే. పైథాన్ 3 నాటి పరిస్థితి మళ్లీ రానివ్వబోమని స్టీరింగ్ కౌన్సిల్ ముందే చెప్పింది. ఇలా మెల్లగా నడవడం తెలివైన పనే.

నా అభ్యంతరం వేరు. తొలగింపుకు ముందు కనీసం రెండు వెర్షన్ల పాటు హెచ్చరించాలన్నది పైథాన్ నియమం. కానీ లైబ్రరీల లోపల పుట్టే ఆ హెచ్చరికలు మామూలుగా తెరపై కనబడవు. ప్రత్యేకంగా ఆన్ చేసుకోవాలి. పెద్ద సంస్థల్లో ఆ పనికి మనుషులుంటారు. ఒక్కరే నెట్టుకొచ్చే కాలేజీ సర్వర్‌కో, చిన్న ఆఫీసుకో ఎవరుంటారు? అంకె చూస్తే అది చిన్న మార్పే అంటోంది.

3.10కు ఐదేళ్ల మద్దతు 2026 అక్టోబరుతో ముగుస్తుంది. అక్కడి నుంచి నేరుగా 3.14కు వెళ్లేవారికి డిస్ట్‌యుటిల్స్, ఆ 19 మాడ్యూళ్లు ఒకే రోజు మాయమవుతాయి.