వెబ్‌సైట్‌లో కోటలు, బీమాలో బీటలు

తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. సర్కారు పనుల్లో మన బిడ్డలకు దక్కాల్సిన వాటా కొట్లాట మాత్రం ఆ రోజుతో ముగియలేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అని రోడ్డెక్కినవాళ్లం మనం. నిధులంటే బడ్జెట్ పద్దు ఒక్కటేనా? ఆ పైసలతో కాలువ ఎవరు తవ్వారు, రోడ్డు ఎవరు వేశారు, బిల్లు ఎవరు ఎత్తుకున్నారు అన్నది కూడా నిధుల సంగతే.

టెండర్ల దగ్గర మన పిల్లలకు అడ్డం పడే గోడలు అందరికీ తెలిసినవే. రిజిస్ట్రేషన్ క్లాసు, ఈఎండీ, బ్యాంకు గ్యారంటీ, పాత పనుల అనుభవం. వీటి వెనక చప్పుడు చేయకుండా నిలబడ్డ మరో గోడ బీమా. పని దక్కినా బీమా పత్రం చూపించకపోతే అగ్రిమెంటు ముందుకు సాగదు. ఆ పత్రం ఇచ్చే కంపెనీవాళ్లు ఇప్పుడు కాగితాలతో పాటు కాంట్రాక్టర్ వెబ్‌సైట్ కూడా తెరిచి చూస్తున్నారు. ఇంజనీరింగ్ చదివి, కొలువు కోసం ఏళ్లకేళ్లు చూసి, చివరికి చిన్న కాంట్రాక్టులోకి దిగుతున్న మన యువకుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసేసరికి గడువు దాటిపోతోంది.

బీమా కంపెనీలో పాలసీ ఇవ్వాలా వద్దా, ఇస్తే ప్రీమియం ఎంత అని తేల్చే మనిషిని అండర్‌రైటర్ అంటారు. ఆయన మన ఊరికి రాడు. మనం పోసిన చెరువు కట్ట మీద నడిచి చూడడు. ఆయన ముందు ఉండేది మనం నింపిచ్చిన ప్రపోజల్ ఫారం. అందులో రాసింది నిజమా అని చేతికందిన చోటల్లా వెతుకుతాడు. కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ రికార్డు చూస్తాడు. జీఎస్టీ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తేదీ చూస్తాడు. ఆ తర్వాత కాంట్రాక్టర్ సొంత వెబ్‌సైట్. మొదటి రెండూ సర్కారు చెప్పే మాటలు. మూడోది మన గురించి మనం చెప్పుకునే మాట. తంటా అంతా ఆ మూడోదానితోనే.

మన దగ్గర వెబ్‌సైట్లు ఎట్లా తయారవుతాయో తెలియంది ఎవరికి? సీసీ రోడ్లు, మోరీలు, బడి ప్రహరీ గోడలు కట్టే కాంట్రాక్టర్ ఒకడుంటాడు. మంచి పనివాడే. నలుగురిలో పరువుగా ఉంటుందని వెబ్‌సైట్ చేయించుకుంటాడు. చేసే కుర్రాడు ఏదో పెద్ద సంస్థ పేజీని ఎత్తుకొచ్చి పేరు మారుస్తాడు. ఇంకేముంది! డ్యాములు, సొరంగాలు, ఫ్లైఓవర్లు, బ్లాస్టింగు, హైటెన్షన్ లైన్లు, అన్నీ ‘మా సేవలే’. పైన ఏ దేశానిదో క్రేను, దాని కింద టోపీ పెట్టుకుని నవ్వే తెల్లదొర ఫొటో. ఆ దొర మన మండలానికి ఎన్నడూ వచ్చిన పాపాన పోలేదు. ప్రపోజల్ ఫారంలో మాత్రం మనవాడు ‘సీసీ రోడ్లు, చిన్న భవనాలు’ అని ఉన్నదున్నట్టే రాస్తాడు.

అండర్‌రైటర్‌కు రెండూ కనబడతాయి. ఏది నమ్మాలి? వెబ్‌సైట్ నిజమైతే ఈ మనిషి మందుపాతర పేల్చి బండ కొట్టే పనులు దాచి, చౌక ప్రీమియం కోసం చిన్న పనులే రాశాడు. ఫారం నిజమైతే వెబ్‌సైట్ అంతా అబద్ధం. ఎటు చూసినా మనవాడి మాటకు విలువ పోతుంది. సొరంగం పనికీ సీసీ రోడ్డుకూ ప్రమాదం ఒక్కటి కాదు, ప్రీమియమూ ఒక్కటి కాదు. కాబట్టి వివరణ ఇమ్మంటారు, లేదా రేటు పెంచుతారు, లేదా దండం పెట్టి పంపిస్తారు. ఎన్నడూ చేయని పనికి ప్రీమియం కట్టే గతి ఎవరికైనా పట్టాలా?

వెబ్‌సైటే లేనివాళ్లదీ, ఎప్పుడో కట్టించి వదిలేసినవాళ్లదీ ఇంకో గోస. ఫోన్ నంబర్ పాతది, ఆఫీసు అడ్రసు మారింది, చివరి పని ఫొటో ఏ కాలం నాటిదో తెలియదు. దీంతోనే పాలసీ ఆగిపోతుందని మేం అనం. కానీ అదనపు కాగితాలు అడుగుతారు, రోజులు గడుస్తాయి. హైదరాబాద్‌లో ఆఫీసు, అందులో బీమా వ్యవహారాలకే ఒక మనిషి ఉన్న పెద్ద గుత్తేదారుకు ఆ రోజులు లెక్క కాదు. వనపర్తి నుంచో, ఆసిఫాబాద్ నుంచో బస్సెక్కి వచ్చే చిన్న కాంట్రాక్టర్‌కు అవే ప్రాణం మీదికి వస్తాయి.

పాలసీ చేతికొస్తే గండం గడిచిందనుకుంటే అదీ పొరపాటే. అసలు పరీక్ష క్లెయిమ్ నాడు ఉంటుంది. బీమా ఒప్పందం నిలబడేదే నిజాయితీ మీద. ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బు దాచిన ఒక కేసులో, ఫారంలో అడిగిన ముఖ్య విషయాన్ని ఉన్నదున్నట్టు చెప్పే బాధ్యత పాలసీ కోరేవాడిదేనని సుప్రీంకోర్టు 2009లో తేల్చింది. వెబ్‌సైట్ రాత ఒక్కటే క్లెయిమ్‌ను చంపదు. కానీ ఫారంలో లేని పని వెబ్‌సైట్‌లో ఉండి, ప్రమాదం ఆ పనిలోనే జరిగిందనుకోండి. కంపెనీ వకీలుకు మనమే సాక్ష్యం రాసిచ్చినట్టు కాదా?

అప్పుడు మునిగేది కాంట్రాక్టర్ ఒక్కడేనా? పాలమూరు లేబర్ సంగతి మనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. గుంపు మేస్త్రీ వెంట మూట ముల్లె కట్టుకుని దేశమంతా తిరిగి డ్యాములు కట్టిన జాతి అది. 2025 ఫిబ్రవరి 22న అదే పాలమూరు గడ్డ మీద, దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఈసారి వాళ్లు వేరే రాష్ట్రాల నుంచి మన దగ్గరికి పొట్టకూటి కోసం వచ్చినవాళ్లు. అక్కడి బీమా గురించి మేమిక్కడ మాట్లాడటం లేదు. సర్కారు పని అంటే ఎంతటి ప్రమాదమో గుర్తు చేస్తున్నాం. పనిలో కూలి చనిపోతే పరిహారం ఇవ్వాల్సింది యజమాని అని 1923 నుంచి చట్టం చెబుతూనే ఉంది. ఇప్పటి సామాజిక భద్రతా కోడ్ కూడా అదే చెబుతోంది. పెద్దవాడు జేబులోంచి ఇవ్వగలడు. బీమా నిలబడని చిన్న కాంట్రాక్టర్ ఇల్లు అమ్ముకుంటాడు, లేదా మాయమవుతాడు. మాయమైతే కూలీ భార్య ఏ ఆఫీసు మెట్లెక్కాలి?

సర్కారు సాఫ్ట్‌వేర్ పనులు చేసే కుర్రాళ్లకూ ఇదే గొడవ, కాకపోతే రూపం వేరు. సైబర్ బీమా అడిగితే కంపెనీలు ముందుగా వాళ్ల వెబ్‌సైట్‌నే బయటి నుంచి తట్టి చూస్తాయి. సొంత ఇంటికే గడియ సరిగ్గా లేనివాడు ప్రజల ఆధార్ నంబర్లు కాపాడతాడా అన్న అనుమానం వాళ్లది. న్యాయమైన అనుమానమే. 2023 డేటా రక్షణ చట్టం 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసిపెట్టిన తర్వాత ఆ అనుమానం తగ్గదు, పెరుగుతుంది.

ఇక సర్కారు సంగతి. బ్యాంకు గ్యారంటీకి బదులు బీమా కంపెనీ ఇచ్చే ష్యూరిటీ బాండును బిడ్ సెక్యూరిటీగా, పర్ఫార్మెన్స్ సెక్యూరిటీగా తీసుకోవచ్చని కేంద్రం 2022 ఫిబ్రవరిలో తన ఆర్థిక నిబంధనలు మార్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు అమల్లోకి వచ్చాయి. డిసెంబర్‌లో మొదటి పాలసీ మార్కెట్లోకి వచ్చింది. బ్యాంకులో తాకట్టు పెట్టడానికి ఆస్తి లేనివాడికి ఇది నిజంగా ఆసరా కావాలి. కానీ బాండు ఇచ్చేవాడు ఆస్తి కంటే చరిత్ర ఎక్కువ అడుగుతాడు. ఏం పనులు చేశావు, గడువులో ముగించావా, శాఖ ఏమన్నది? ఆ చరిత్ర ఉన్నదెక్కడ? డివిజన్ ఆఫీసు బీరువాలో, ఎం బుక్కుల్లో!

టెండర్లు ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే కంప్యూటర్ ఎక్కాయి. టెండర్ వేయడం ఆన్‌లైన్ అయింది. పని ముగించిన రుజువుకు మాత్రం ఇప్పటికీ ఈఈ సంతకం కోసం చెప్పులు అరగాలి. చేసిన పని పేరు, విలువ, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, కాంట్రాక్టర్ పేరు. ఇంతమాత్రం ప్రతి ఇంజనీరింగ్ శాఖ ఒక్కచోట అందరికీ కనబడేలా పెట్టాలి. మిషన్ కాకతీయలో 2015 నుంచి వేల చెరువుల్లో పూడిక తీసిన చిన్న కాంట్రాక్టర్లకు అదే పెద్ద ఆస్తి. అండర్‌రైటర్ సొంత డప్పు వినే బదులు సర్కారు రికార్డు చూసుకుంటాడు. ఇది ఎందుకు చేయరు? రికార్డు బయటపడితే, చేయని పని చేసినట్టు సర్టిఫికెట్లు పుట్టించేవాళ్ల బండారం కూడా బయటపడుతుందనా? ఇంజనీర్ల సంఘాల మిత్రులు ఈ డిమాండును తమ ఎజెండాలో చేర్చాలని కోరుతున్నాం.

అప్పటిదాకా యువ కాంట్రాక్టర్లు తమ ఇల్లు తామే చక్కబెట్టుకోవాలి. చేసిన పనే రాయండి. ఫొటో మీ పనిదే పెట్టండి, కింద ఊరు, సంవత్సరం వేయండి. మానేసిన పనులు తీసేయండి. కంపెనీగా రిజిస్టర్ అయి వెబ్‌సైట్ ఉంటే పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు, సీఐఎన్, ఫోన్, ఈమెయిల్ మొదటి పేజీలోనే ఉండాలని 2014 కంపెనీల నిబంధనలు చెబుతున్నాయి. అవి సరిచూసుకోండి. ప్రపోజల్ ఫారం ఏజెంటు చేతికిచ్చి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఫారం ఒక చేత్తో, వెబ్‌సైట్ ఒక చేత్తో పట్టుకుని చదివాకే పంపండి.

పాలసీ నిరాకరించిన లేఖలు, క్లెయిమ్ కొట్టేసిన లేఖలు మీ దగ్గర ఉంటే మాకు పంపండి. పేర్లు తీసేసి అచ్చువేస్తాం. వాటి కట్ట పట్టుకుని సచివాలయం గడప తొక్కుతాం.