వేసవి శిబిరంలో ప్రభ కట్టడం నేర్పండి

వేసవి సెలవుల్లో పిల్లలకు చిత్రకళా శిబిరాలు పెట్టడం మంచి పని. అయితే అంబాజీపేటలో ఆ శిబిరం బొమ్మ చూసి బొమ్మ గీయడంతో ఆగకూడదు. ఈ మండలంలోని మొసలపల్లి జగ్గన్నతోటకు ఏటా కనుమనాడు ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఇతివృత్తం ఆ ప్రభల తీర్థమే. ప్రభ కోసం వెదురు వంచడం, రంగుగుడ్డలు అమర్చడం, కొలత తప్పకుండా నిలబెట్టడం, ఇదంతా కళే. రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) ప్రతిభను ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే గుర్తించి వెన్నుతట్టాడు. మన పిల్లలకూ అలాంటి గురువులు కావాలి. ప్రభలు కట్టే పెద్దలను గౌరవంగా పిలిచి, తగిన పారితోషికమిచ్చి, ఈ వేసవిలోనే పెద్ద పిల్లలకు ఆ పని నేర్పించండి.