వంటమనిషిని తీసేశాక కూడా

తెలంగాణ ఆహార భద్రత కమిషనర్ గారికి,

2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మయోనైజ్‌తో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, పలువురు ఆసుపత్రి పాలయ్యాక, పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. మంచి పని. గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటే దాన్ని చంపే సెగ ఆ తయారీలో ఎక్కడా తగలదు. నేను రాస్తున్నది మాత్రం హాస్టళ్ల గురించి.

పిల్లలకు వాంతులు పట్టుకున్న ప్రతిసారీ వంటమనిషిని తీసేస్తారు, వార్డెన్‌ను సస్పెండ్ చేస్తారు. అన్నంలో పురుగు ఫొటో పత్రికల్లో వస్తుంది. పురుగు కనబడుతుంది కనుక నేరం దాని మీదికి పోతుంది. పిల్లల్ని పడగొట్టిన అన్నం వాసనా రుచీ మారకుండానే ఉండొచ్చు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు బియ్యంతోనే వంటింట్లోకి వస్తాయి, ఉడికినా చావవు. పెద్ద గుండిగలో మిగిలిన అన్నాన్ని మూతపెట్టి వదిలేస్తే నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనంలో అవి మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. పొద్దున దాన్నే పులిహోర చేసినా, మళ్లీ వేడిచేసినా, వాంతులు తెప్పించే ఆ విషం విరగదు.

ఇంకో పొరపాటు అందరం చేసేదే. చివరగా తిన్న పూటనే తప్పుపడతాం. తిన్న రెండు మూడు గంటలకే వాంతులైతే ఇలాంటి విషాన్ని అనుమానించాలి. జ్వరం, విరేచనాలు అయితే సాల్మొనెల్లా కావచ్చు, అప్పుడు వెతకాల్సింది నిన్నటి కోడిగుడ్డు కూరలో, మొన్నటి భోజనంలో. ఎవరు ఏం తిన్నారు, ఏం తినలేదు అని జబ్బుపడ్డవాళ్లనూ బాగున్నవాళ్లనూ అడిగితేనే ఆ వంటకం బయటపడుతుంది. అధికారులు వచ్చేసరికి గుండిగలు తోమేసి ఉంటాయి.

అందుకే అడుగుతున్నాను. ప్రతి పూట ప్రతి వంటకం నుంచి కొంచెం తీసి, శుభ్రమైన డబ్బాలో, తేదీ రాసి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచేలా ఆదేశించండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే పిల్లల మలం నమూనా ల్యాబ్‌కు చేరాలి. ఫుడ్ పాయిజనింగ్ కేసులను వైద్యులు తెలియజేయాలని కోరే వీలు 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 35వ సెక్షన్‌లో ఉంది, అది అమలయ్యేలా చూడండి. ఏ క్రిమి, ఏ వంటకం, ఎక్కడ తప్పింది అన్న నివేదికను తెలుగులో తల్లిదండ్రులకివ్వండి. కొత్తగా వచ్చే వంటమనిషికీ అదే కాగితం చదివి వినిపించండి.

ఇట్లు,
గురుకులంలో చదివే ఒక అమ్మాయి తండ్రి