రిజిస్టర్లో లేని విశ్వాసం

ఆదివారం పొద్దున మన పల్లెల్లో ఒకసారి లెక్కపెట్టి చూడండి. గంట మోగే పెద్ద చర్చికి పోయేవాళ్లెందరు, రేకుల షెడ్డు కిందా, వేపచెట్టు కిందా, ఎవరో అక్క ఇంటి వసారాలోనూ చాపేసుకుని పాటలు పాడుకునేవాళ్లెందరు? ఈ రెండోవాళ్ల పేర్లు ఏ సంఘపు రిజిస్టర్లోనూ దొరకవు. బాప్తిస్మం తీసుకోనివాళ్లున్నారు, తీసుకున్నా కాగితం అడగనివాళ్లున్నారు. వీళ్ల మీద నాలుగు దిక్కుల్నించీ రాళ్లే. పెద్ద సంఘాల అయ్యగార్లు వీళ్లని సగం క్రైస్తవులంటారు. కోర్టులు మోసగాళ్లంటాయి. కాషాయం వాళ్లు బియ్యం కోసం మతం మారారంటారు. మన ఉద్యమంలోనే నాలుగు పుస్తకాలు చదివిన కొందరు తమ్ముళ్లు మత్తులో పడ్డారని నవ్వుతారు.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. పల్లెలో ఈ విశ్వాసం పుట్టిందే చర్చి గోడల బయట. కృష్ణా జిల్లా రాఘవాపురం మాలపల్లెలో పగోలు వెంకయ్య ఏ పాదిరీ రాకముందే విగ్రహాలు వద్దనుకుని, ఉన్న దేవుడెవరో తెలియక వెతుక్కున్నవాడు. 1859లో బాప్తిస్మం దాకా ఆయనే నడిచి వెళ్లాడు, ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు. ఒంగోలు సీమలో తాళ్లకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి. బండికట్ల వీరమ్మ అనే గురువమ్మ దగ్గర యోగం నేర్చుకున్నాడు. మాదిగాయనకి ఆడమనిషి గురువు! ఇది ఏ మఠంలో జరుగుతుంది? ఆ పేరయ్య ఏలూరు వైపు యేసు మాట విని, ఇంటికొచ్చి చుట్టుపక్కల పల్లెల్లో తానే చెప్పడం మొదలెట్టాడు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు వెళ్లేసరికి బాప్తిస్మానికి ఇరవైఎనిమిది మంది సిద్ధంగా ఉన్నారు. దొర చేసింది నీళ్లలో ముంచడం వరకే. పంట పేరయ్యది.

బియ్యం మాటంటారా? కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టుకి తీసుకుని మనోళ్లకి కూలి చూపించింది నిజమే. కానీ కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ కరువు పని నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలే ఆపేశాడు. పని ముగిశాక, ఇచ్చేదేమీ లేనప్పుడు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది దిగారు. బియ్యం కోసమని ఎగతాళి చేసేవాళ్లు ఈ తేదీ రాసిపెట్టుకోవాలి.

తర్వాత కాంపౌండు గోడలొచ్చాయి. బడులొచ్చాయి, ఆసుపత్రులొచ్చాయి, వాటి మేలు మేం మరిచిపోము, మాలో చాలామంది ఆ పలకల మీద దిద్దినవాళ్లమే. గోడలతో పాటు పదవులూ, ఆస్తులూ, వాటి కోసం కోర్టు కేసులూ వచ్చాయి. కులం చర్చి మెట్లు దిగి వెళ్లిపోలేదు. క్యాథలిక్ బిషప్పుల సమాఖ్యే తమ సంఘంలో అంటరానితనం ఉందని 2016లో విధాన పత్రంలో ఒప్పుకుంది. 2022లో మొట్టమొదటి దళిత కార్డినల్‌ని మన తెలుగువాణ్ణి చేశారు, సంతోషమే. కానీ కార్డినల్ టోపీతో పల్లెలో శ్మశానం తగాదా తీరదు.

ఇక్కడ ఇంకో రకం 'బయటివాళ్ల' గురించి చెప్పాలి. కృష్ణా జిల్లా మునిపల్లెలో కలగర సుబ్బారావు గారు 1942లో క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పి, బాప్తిస్మమూ చర్చీ అక్కర్లేదన్నారు. పాదిరీల మీద ఆయన విసుర్లు చదివితే మనకీ కొంత హుషారే. అయితే ఆయన సవర్ణ కుటుంబం మనిషి. బాప్తిస్మం వద్దంటే ఆయనకి పోయేదేమీ లేదు. పొలం పొలంగానే ఉంటుంది, కులం కులంగానే ఉంటుంది. మన చెల్లెలు బాప్తిస్మం కాగితం అడగకపోవడం వేరు. కాగితం ఉంటే కొడుక్కి హాస్టల్ సీటు పోతుంది. ఒకరికి స్వేచ్ఛ, ఇంకొకరికి భయం. రెండిటినీ ఒకే పేరుతో పిలిచే పండితులు ఒక్కసారి తహసీల్దారు ఆఫీసు వరండాలో నిలబడి చూడాలి.

మాలో బడిపంతుళ్లున్నారు. జూన్‌లో అడ్మిషన్లప్పుడు పిల్లని 'పేరేంటమ్మా' అంటే ముందు అమ్మ మొహం చూస్తుంది. ఇంట్లో మరియమ్మ, రిజిస్టర్లో మంగమ్మ. ఆరేళ్ల పిల్లకి రెండు పేర్లు మోయడం నేర్పింది ఎవరు? 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సందిచ్చారు. క్రైస్తవ దళితులకి మన రాష్ట్రంలో బి.సి.-సి కింద ఒక్క శాతం పడేశారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతంతో ముడి తీసెయ్యమంది. 2022లో ఇంకో కమిషన్ వేశారు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న మనిషికి అట్రాసిటీ చట్టం వర్తించదని ఆయన పెట్టిన కేసు కొట్టేసింది.

తిట్టినవాడు కులం పేరుతోనే తిట్టాడు కదా? 1985 జులై 17న కారంచేడులో గొడ్డళ్లు పట్టుకున్నవాళ్లు, 1991 ఆగస్టు 6న చుండూరులో పొలాల్లో తరిమి నరికినవాళ్లు, నీ బాప్తిస్మం ఎప్పుడని అడిగారా? కారంచేడు మాదిగలు పిల్లాజెల్లాతో చీరాల వచ్చి తలదాచుకుంది చర్చి ఆవరణలోనే. అక్కడ్నించే దళిత మహాసభ లేచింది. చుండూరులో చనిపోయినవాళ్లని ఊరి నడుమే పూడ్చారు. ఆ మట్టి మీద నిలబడి చేసిన ప్రార్థనకి ఏ బిషప్పు అనుమతీ అక్కర్లేకపోయింది. మాకు తెలిసిన విశ్వాసం అది.

ఇంత చెప్పాక షెడ్డు పాస్టర్లనీ వదలం. అన్నా, నువ్వూ కూలోడివే. నూనె సీసా అమ్మడమెందుకు? రెండొందల కూలి తెచ్చిన అక్క దగ్గర దశమభాగమని ఇరవై లాక్కుని పెద్ద మైకు కొనడమెందుకు? జ్వరమొచ్చిన బిడ్డకి ప్రార్థన చెయ్, చేసి ఆసుపత్రికి నువ్వే ఆటో ఎక్కించు. కొట్లాటయినప్పుడు పోలీసుస్టేషన్‌కి నువ్వే ముందు నడవాలి. మన ఆడవాళ్లు వంటకి ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం ఉంది చూడు, అది కన్వెన్షన్ భోజనాలకి పోకూడదు. పల్లెలో ఒంటరి ముసలమ్మల పొయ్యి మీదకి పోవాలి, లెక్క ఆడవాళ్ల చేతిలో ఉండాలి. కొన్ని పల్లెల్లో ఇప్పటికే ఇట్లా చేస్తున్నారు, వాళ్లకి దండాలు.

తమ్ముళ్లకీ ఒక మాట. ఆదివారం కూటం అయిపోయేదాకా బయట బీడీ కాలుస్తూ నిలబడకండి. లోపలికి రండి, చాప మీద కూర్చోండి. పాట అయ్యాక శ్మశానం సంగతి ఎత్తండి. రిజిస్టర్లో పేరు లేదని పెద్ద చర్చి సమాధుల దొడ్డిలో చోటివ్వరు, క్రైస్తవులని ఊరివాళ్లు రుద్రభూమిలోకి రానివ్వరు. శవాన్ని పెట్టుకుని డొంకలో నిలబడ్డ పల్లెలు ఉన్నాయి. మీ పల్లె శ్మశానం సర్వే నంబరెంత, ఎన్ని సెంట్లు, ఎవరి ఆక్రమణలో ఉంది, మండలాఫీసులో అర్జీ ఎప్పుడిచ్చారు, రసీదు ఉందా — కార్డు ముక్క మీద రాసి పంపండి. రసీదు లేకపోతే ఈ సోమవారమే వెళ్లి ఇచ్చిరండి.